మీడ్ కౌంటీ మంచు తుఫాను, మా నాన్న కౌలు చేను

(కోనసీమలో జరిగిన ఒక కౌలు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే పనులు మానుకుని వచ్చారు. వెనక నిలబడ్డ అమ్మలు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చోటుంది.

పంట నష్టపరిహారం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది ఎందుకు అందట్లేదో నాకంటే మీకే బాగా తెలుసు. దాని మీద నేను మీకు పాఠం చెప్పడం బాగుండదు. అందుకని ఇవాళ మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. తిరిగి ఇక్కడికే వద్దాం.

అమెరికాలో సౌత్ డకోటా అని ఒక రాష్ట్రం ఉంది. చదువు కోసం ఆ రాష్ట్రంలో రెండేళ్ళు ఉన్నాను. దాని పడమటి వైపు మీడ్ కౌంటీ ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. విస్తీర్ణంలో అది మన పాత కృష్ణా జిల్లా అంత ఉంటుంది, సుమారు 9 వేల చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 45 లక్షల మంది ఉన్నారు. మీడ్ కౌంటీలో 2010 లెక్కల ప్రకారం పాతిక వేల మంది. మిగతాదంతా గడ్డి. కంటికి ఆనినంత మేర గడ్డి, అందులో ఆవులు. అక్కడి వాళ్ళ బతుకు ఆ గడ్డి మీద, ఆ ఆవుల మీద.

2013 అక్టోబర్ 3న అక్కడ వాన మొదలైంది. అక్టోబర్ మొదటి వారం కదా, పశువులింకా ఎండాకాలపు బీళ్ళలోనే ఉన్నాయి. చలికాలానికి వాటి ఒంటి మీద మందంగా బొచ్చు పెరుగుతుంది, అది ఇంకా పెరగలేదు. ముందు వానకు నిలువునా తడిశాయి. ఆ తడి మీద మంచు పడింది. దానికి తోడు విపరీతమైన గాలి. దగ్గర్లోని కొండ ఊరు లీడ్‌లో 55 అంగుళాల మంచు కురిసింది, అంటే మనిషి గుండెల దాకా. పశువులు గాలి తోసిన వైపు నడుచుకుంటూ పోయాయి. మంచు పేరుకుని కంచెలు మునిగిపోతే వాటి మీదుగానే దాటి, మైళ్ళకు మైళ్ళు పోయాయి. కొన్ని వాగుల్లో పడ్డాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి కూలిపోయాయి. మూడు రోజులకు గాలి ఆగింది. వేల పశువులు చచ్చిపోయి ఉన్నాయి. ఆ తుఫానుకు అట్లాస్ అని పేరు పెట్టారు.

మనం గోదావరి మనుషులం. తుఫాను తెల్లారి ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెట్టు పడిపోయి కనపడుతుంది, చేను పడిపోయి కనపడుతుంది, మనిషి మాత్రం మాట లేకుండా గట్టు మీద నిలబడి ఉంటాడు. ఆ కౌంటీలోనూ అదే. భాష వేరు, పశువు వేరు, నిలబడ్డ తీరు ఒకటే.

వాళ్ళు మామూలుగా ఏం చేయాలి? కౌంటీలో వ్యవసాయ శాఖ ఆఫీసు ఒకటి ఉంటుంది. దాన్ని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అంటారు. దేశం మొత్తం మీద అలాంటి ఆఫీసులు రెండు వేలకు పైగా ఉన్నాయి. నష్టం జరిగితే అక్కడికి వెళ్ళి రాయించుకోవాలి. కానీ ఆ వారం ఆ తలుపుకు తాళం వేసి ఉంది. వాషింగ్టన్‌లో బడ్జెట్ మీద గొడవ వచ్చి, అక్టోబర్ 1 నుంచి 16 రోజుల పాటు అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులు చాలా వరకు మూతపడ్డాయి. ఎవరికి చెప్పుకోవాలి? ఫోన్ ఎత్తే మనిషి లేడు. ఇది మొదటి తాళం.

రెండోది ఇంకా పెద్దది. చచ్చిపోయిన పశువుకు సొమ్మిచ్చే పథకం ఒకటి 2008 చట్టంలో ఉండేది. దాని గడువు 2011 సెప్టెంబర్ చివరితో అయిపోయింది. కొత్త చట్టం రాలేదు. అంటే 2013లో ఆఫీసు తెరిచి ఉన్నా సరే, ఇవ్వడానికి పథకమే లేదు. 2012లో ఆ దేశంలో భయంకరమైన కరువు వచ్చినప్పుడు కూడా పశువుల రైతులది ఇదే పరిస్థితి.

అప్పుడు అక్కడి రైతు సంఘాలూ పశువైద్యులూ రైతులకు ఒకటే చెప్పారు: ఫొటోలు తీసి పెట్టుకోండి. చనిపోయిన ప్రతి పశువుకూ ఫొటో తీయండి, చెవి పోగు నంబరు రాసుకోండి, కళేబరాన్ని తీసుకెళ్ళిన లారీ రసీదు దాచుకోండి, పక్క రైతును పిలిచి చూపించి అతని చేత సంతకం పెట్టించుకోండి. చట్టం లేదు, ఆఫీసు లేదు, కాగితం మాత్రం సిద్ధం చేసుకున్నారు. వేరే రాష్ట్రాల రైతులు తమ మందల్లోంచి ఆవు పెయ్యలను విరాళంగా పంపారు. ఈ సంగతి విన్నప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా అమ్మ చిన్నప్పుడు ఎద్దు చచ్చిన ఇంటికి పక్కింటి వాళ్ళు దున్నిపెట్టేవాళ్ళట.

2014 ఫిబ్రవరి 7న కొత్త వ్యవసాయ చట్టం వచ్చింది. ఈ రకం సాయాన్ని గడువు లేని శాశ్వత పథకంగా చేశారు. అంతే కాదు, వెనక్కి వెళ్ళి 2011 అక్టోబర్ 1 నుంచి జరిగిన నష్టాలన్నింటికీ వర్తింపజేశారు. ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. పశువు మార్కెట్ ధరలో 75 శాతం ఇచ్చారు. ఆర్నెల్లు, ఏడాది, రెండేళ్ళు దాచిన ఫొటోలు అప్పుడు పనికొచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ సొమ్ము ఎవరికి ఇచ్చారు? పశువు ఎవరిదో వాళ్ళకి. ఆ బీడు ఎవరి పేరున ఉంది, పట్టా ఎవరిది అన్నది దీనికి సంబంధం లేని మాట. అక్కడ చాలా మంది కౌలుకు తీసుకున్న బీళ్ళలో మేపుతారు. కరువు సాయం విషయంలోనూ అంతే. గడ్డి ఎండిపోయిందని ఇచ్చే సాయం ఒకటి ఉంది. సొంత బీడైనా సరే, డబ్బిచ్చి కౌలుకు తీసుకున్న బీడైనా సరే, మేపుకునే వాడికే వస్తుంది. పంటకు కూడా ఇదే సూత్రం. నగదు కౌలుకు భూమి ఇచ్చేసి, పంట వచ్చినా పోయినా తన డబ్బు తాను తీసుకునే యజమానికి పంట నష్టం సాయంలో వాటా లేదు. ఎందుకంటే అతను నష్టపోలేదు. పాలికాపు పద్ధతిలో, అంటే పంటలో వాటా తీసుకునే పద్ధతిలో ఇస్తే ఎవరి వాటాకు తగ్గట్టు వాళ్ళకి. కంపెనీ కోళ్ళను పెంచే రైతుకు కూడా, కోళ్ళు కంపెనీవే అయినా, పెంచే అతనికి పోయిన రాబడి లెక్క వేరుగా కడతారు.

ఆ దేశంలో సాగుభూమిలో, బీళ్ళలో 39 శాతం కౌలు మీదే నడుస్తోంది. 2014లో వాళ్ళ వ్యవసాయ శాఖ చేసిన సర్వేలో తేలిన లెక్క ఇది. సుమారు 35 కోట్ల ఎకరాలు. అంత భూమిలో కౌలు రైతును వదిలేస్తే ఆ సాయానికి అర్థమే ఉండదు. అందుకే ప్రతి సంవత్సరం రైతు ఆఫీసుకు వెళ్ళి ఏ పొలంలో ఏ పంట వేశాడో, ఎన్ని ఎకరాలో, అందులో తన వాటా ఎంతో రాయిస్తాడు. ఎండాకాలం పంటలకు మామూలుగా జులై 15 గడువు. నష్టం రాకముందే, సాగు చేసేది ఎవరో ఆ పుస్తకంలో ఉంటుంది. తుఫాను వచ్చాక వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. 1996 నవంబర్ 6, కోనసీమ మీద తుఫాను విరుచుకుపడ్డ రోజు. ఈ సభలో నలభై దాటిన వాళ్ళందరికీ ఆ రాత్రి గుర్తుంటుంది. మాది కౌలు కుటుంబం. సార్వా కోతలకొచ్చిన చేను. కొంత కోసి పనల మీద ఉంది, కొంత నిలబడి ఉంది. తెల్లారేసరికి రెండూ లేవు. నీళ్ళలో నుంచి పనలు ఏరి గట్టు మీద పెట్టడానికి మా నాన్న, మా అమ్మ రెండు రోజులు దిగారు. మొలకెత్తిపోయిన కంకులు. నేను చిన్నవాణ్ణి, ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు.

కొన్నాళ్ళకు నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చారు. నాన్న వాళ్ళను వెంటబెట్టుకుని చేనంతా తిప్పాడు. వాళ్ళు అడిగింది ఒకటే, పాస్ పుస్తకం ఎవరి పేరున ఉందని. ఆసామి ఊళ్ళో ఉండడు. సాయం ఆయన పేరున మంజూరైంది. ఆయన చెడ్డవాడని నేను అనను. మంచి చెడ్డలకు వచ్చి పలకరించే మనిషే. కానీ ఆ డబ్బు మా ఇంటికి రాలేదు, ఆ ఏడు కౌలు బస్తాల బాకీ మాత్రం అలాగే నిలబడింది. తర్వాతి రెండు పంటలు ఆ బాకీకే పోయాయి. దాని గురించి నాన్న ఎవరినీ తిట్టడం నేను వినలేదు. ఆయన ఒక్క మాట అనేవాడు: చేలో దిగి చూసిన మనిషి కాగితంలో ఎందుకు కనపడడు రా, అని.

ఆ దూర దేశపు చట్టం చదివినప్పుడల్లా నాకు ఈ మాటే వినపడుతుంది.

అయితే అమెరికాలో అంతా బాగుందని చెప్పడానికి నేను రాలేదు. అక్కడ జరిగిన ఒక ఘోరం కూడా మీరు వినాలి, అది కూడా మనకు పనికొచ్చేదే.

ప్రతి కౌంటీ ఆఫీసుకు ఒక కమిటీ ఉంటుంది. ముగ్గురి నుంచి పదకొండు మంది దాకా రైతులే సభ్యులు, రైతులే ఓటేసి ఎన్నుకుంటారు. మూడేళ్ళ పదవి. 1930ల నాటి కరువు, ధరల పతనం రోజుల్లో మొదలైన ఏర్పాటు ఇది. వినడానికి ఎంత బాగుందో చూడండి. పొలం తెలిసిన వాళ్ళు, ఊరు తెలిసిన వాళ్ళు కూర్చుని తేలుస్తారు. దిగుబడి ఎంత పోయింది, ఫలానా రైతు చెప్పేది నిజమా అని పైనుంచి వచ్చే ఆఫీసరు కన్నా వాళ్ళకే బాగా తెలుస్తుంది.

కానీ ఆ ఊరు తెలిసిన వాళ్ళకు ఆ ఊరి కులం కూడా తెలుసు. అక్కడ దాన్ని జాతి అంటారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి రైతు ఆ ఆఫీసుకు వెళ్తే దరఖాస్తు ఇచ్చేవాళ్ళు కాదు. ఇచ్చినా నెలల తరబడి పక్కన పెట్టేవాళ్ళు. విత్తనాల అదును దాటాక అప్పు మంజూరు చేసేవాళ్ళు. అదును దాటాక వచ్చే అప్పు ఎందుకు పనికొస్తుందో మీకు చెప్పాలా? ఫిర్యాదు చేద్దామంటే, అలాంటి ఫిర్యాదులను విచారించే విభాగాన్నే 1983లో ఎత్తేశారు. కాగితాలు వెళ్ళేవి, ఎవరూ చదివేవాళ్ళు కాదు.

తిమోతీ పిగ్‌ఫర్డ్ అని నార్త్ కరోలినా రైతు ఒకాయన, ఆయనతో పాటు మరికొందరు 1997లో కోర్టుకు వెళ్ళారు. 1999 ఏప్రిల్ 14న జడ్జి పాల్ ఫ్రీడ్‌మన్ ఆ కేసులో రాజీ ఒప్పందాన్ని ఆమోదిస్తూ తీర్పు రాశారు. అందులో ఒక లెక్క ఉంది. దేశం మొత్తం మీద కౌంటీ కమిటీల సభ్యులు 8,147 మంది. అందులో నల్లజాతి వాళ్ళు 37 మంది. ఈ రెండు అంకెలు చాలు, మిగతాది మీకు అర్థమవుతుంది. ఆ కేసులో 15 వేల మందికి పైగా రైతులకు వంద కోట్ల డాలర్ల దాకా చెల్లించారు. మిగిలిపోయిన వాళ్ళ కోసం 2010లో మరో 125 కోట్ల డాలర్లు కేటాయించారు. 2024లో, వ్యవసాయ శాఖ అప్పుల విషయంలో వివక్షకు గురైన అన్ని రకాల వాళ్ళకూ కలిపి, 43 వేల మందికి సుమారు 200 కోట్ల డాలర్లు ఇచ్చారు. డబ్బు వచ్చింది, భూమి తిరిగి రాలేదు. 1920లో ఆ దేశంలో నల్లజాతి రైతులు 9 లక్షల పైచిలుకు. 2022 లెక్కల్లో 47 వేలు కూడా లేరు. ఆ పతనానికి కారణాలు ఎన్నో ఉన్నాయి, ఈ ఆఫీసు బల్లలు అందులో ఒకటి.

ఇది మనకు ఎందుకంటే, సాయం పంపిణీ ఊరి వాళ్ళ చేతికి ఇస్తే అంతా బాగుపడుతుందని మన సభల్లో తరచూ తీర్మానం చేస్తాం. ఊరి వాళ్ళలో ఎవరు? ఈ కౌలు రైతుల్లో ఎక్కువ మంది ఏ పేటల నుంచి వచ్చారో, భూమి ఎవరి పేర్ల మీద ఉందో నేను చెప్పక్కర్లేదు. కమిటీ వేసినప్పుడు అందులో కౌలు రైతు ఉన్నాడా, పేట నుంచి వచ్చిన ఆడమనిషి ఉందా అని అడగాలి.

ఇంకో సంగతి త్వరగా చెప్పేస్తాను. కరువు సాయానికి అక్కడ కౌంటీయే కొలత. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, ప్రభుత్వ శాఖలతో కలిసి, 1999 నుంచి ప్రతి గురువారం దేశమంతటికీ ఒక కరువు పటం విడుదల చేస్తుంది. 2014 చట్టం ప్రకారం, ఆ పటంలో కౌంటీలో ఏ మూలైనా సరే మేత కాలంలో ఎనిమిది వారాలు వరుసగా తీవ్ర కరువు రంగులో ఉంటే, ఆ కౌంటీ పశువుల రైతులకు సాయం మొదలయ్యేది. ఎవరినీ బతిమాలక్కర్లేదు, జీవో కోసం ధర్నా అక్కర్లేదు. ఇది చాలా మంచి పద్ధతి, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ హద్దు గీత అనేది ఎప్పుడూ ప్రమాదమే. 2003లో పశువుల రైతులకు ఒక సాయం ఇచ్చారు. కౌంటీ విపత్తు జాబితాలో ఉంటే చాలన్నారు, రైతుకు నష్టం జరిగిందో లేదో చూడలేదు. ఆ ఫిబ్రవరిలోనే కొలంబియా వ్యోమనౌక గాల్లోనే విడిపోయి, ముక్కలు టెక్సాస్ మీద పడ్డాయి. మన కల్పనా చావ్లా ప్రాణాలు పోయిన ఘటన అది. శకలాలు పడ్డ కౌంటీలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. దాంతో అక్కడి పశువుల రైతులకు కూడా కరువు సాయానికి అర్హత వచ్చింది. 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. నష్టం లేని చోటికి డబ్బు వెళ్తే, నష్టం ఉన్న చోట అది తగ్గుతుంది. మండలాన్ని యూనిట్‌గా తీసుకుని మన దగ్గర కరువు ప్రకటిస్తున్నప్పుడు, పక్క మండలంలో ఎండిన చేను గల మనిషి పడే టెన్షన్ కూడా ఈ గీత వల్లే.

అయితే ఆ పత్రిక ఎట్లా పట్టుకోగలిగింది? అక్కడ ఏ కౌంటీలో ఎవరికి ఎంత సొమ్ము వెళ్ళిందో అడిగితే ఇచ్చి తీరాలి. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ ఆ వివరాలన్నీ తీసుకుని కౌంటీల వారీగా అందరికీ కనపడేలా పెట్టింది. అందులో చూస్తే సబ్సిడీల్లో సింహభాగం పెద్ద కమతాలకే వెళ్తోందని తేలింది. ఎకరాల లెక్కన ఇస్తే ఎకరాలు ఎక్కువున్న వాడికే ఎక్కువ పోతుంది. ఈ విషయంలో మన పద్ధతి మేలు, మనకు రెండు హెక్టార్ల పరిమితి ఉంది.

మన పద్ధతి మీకు తెలిసిందే, అంకెలు మాత్రం గుర్తుచేస్తాను. 2015కి ముందు సగం పంట పోతేనే సాయం. ఆ ఏడాది దాన్ని 33 శాతానికి తగ్గించారు. విపత్తు నిధి నుంచి ఇచ్చే పెట్టుబడి రాయితీ 2022 నుంచి 2026 వరకు పెట్టిన నిబంధనల్లో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉంటే 17,000, తోటలకు 22,500. అంటే వరికి ఎకరానికి ఏడు వేలకు కాస్త తక్కువ. రాష్ట్రం కావాలంటే పైన కలపవచ్చు. 2024 వరదల తర్వాత ఇక్కడ వరికి హెక్టారుకు 25 వేలు ప్రకటించారు. కలుపుకు, కోతకు, ఎరువుకు ఎంతవుతోందో మీరే లెక్క వేసుకోండి. అయినా ఆ కాస్త కూడా చేలో దిగిన వాడికి వస్తే, వచ్చే దాళ్వాకి విత్తనమైనా కొనుక్కుంటాడు. వడ్డీకి వెళ్ళడు.

కౌలు రైతును గుర్తించే చట్టం మనకు లేక కాదు. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల ఒప్పందం, దాని మీద కార్డు. ఆ కార్డు ఉన్న వాళ్ళకు సాయం అందుతుంది. కానీ ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఉండదేమోనని భయం. ఆసామికి ఇంకో భయం, సంతకం పెడితే భూమి పోతుందేమోనని. రెండు భయాల మధ్య కార్డు ఆగిపోతోంది. ఆసాములకు కూడా నేను ఈ వేదిక మీద నుంచి దండం పెట్టి చెబుతున్నాను: ఆ చట్టంలో మీ భూమి హక్కుకు ఎలాంటి ఢోకా లేదు. మీ చేను నమ్ముకున్న మనిషి నిలబడితేనే మీకు కౌలు వస్తుంది.

ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది, సంతకం లేకపోయినా, నలుగురు ఇరుగుపొరుగు రైతులు చెప్పిన సాక్ష్యంతో, విత్తిన నెలలోనే సాగు చేసే వాళ్ళ పేరు రాయమని. మీడ్ కౌంటీలో చచ్చిన ఆవుకు పక్క రైతు మాట సాక్ష్యంగా చెల్లింది. మన చేనుకు మన పక్క రైతు మాట ఎందుకు చెల్లదు?

అది వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఈ సార్వాకు ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే పని, జరిగేటప్పుడు చేలోనే ఉండండి. సాగుదారు పేరు దగ్గర ఎవరి పేరు రాశారో అడిగి చూసుకోండి. తర్వాత రైతు సేవా కేంద్రంలో జాబితా అంటిస్తారు, దాన్ని ఒక్కరు కాదు, పదిమంది కలిసి వెళ్ళి చదవండి. చదవడం రాని వాళ్ళు మీ పిల్లల్ని తీసుకెళ్ళండి. పేరు తప్పుంటే ఆ రోజే అభ్యంతరం రాసిచ్చి, రసీదు తీసుకోండి. ఎరువుల కొట్టు బిల్లు మీ పేరు మీదే రాయించుకోండి. నాటిన రోజు, కలుపు తీసిన రోజు చేలో నిలబడి ఫోనులో ఒక ఫొటో తీసుకోండి, గట్టు మీది చెట్టో, పంపు షెడ్డో కనపడేలా. అలా తీసిన ఫొటోలు అక్కడ ఏడాది తర్వాత కూడా పనికొచ్చాయి.

ఆ అభ్యంతర పత్రం నమూనా ఒకటి తయారు చేసి తెచ్చాను. కాపీలు ఆ బల్ల మీద ఉన్నాయి. ఇక మీరు మాట్లాడండి, నేను రాసుకుంటాను. ముందు ఆ వెనకున్న పెద్దాయనకు మైకు ఇవ్వండి.